దామెర్ల రామారావు గారు



పోయిన నెల మన దగ్గరికి ఒక డ్రాయింగ్ సార్ వచ్చి, మూడు, నాలుగు తరగతుల పిల్లలకు గాజు మీద బొమ్మలు వేయడం నేర్పిండ్రు కదా. కాగితం మీద బొమ్మ గీసి, దాని మీద గాజు పెట్టి, నల్లరంగుతో గీతలు దిద్ది, ఆరినంక రంగులు నింపాలి. చిన్నపిల్లలను చూసుకునే పని నాది. గాజు అంచులకు టేపు అంటించడం నేను మరిచిపోయిన. ఒక పాప వేలు తెగింది. భయమై నేను మళ్ళీ ఆ క్లాసుకు పోలేదు. అప్పుడు సార్ నన్ను పిలిచి ఈ కథ చెప్పిండ్రు.

దామెర్ల రామారావు గారు 1897లో పుట్టారు. వారిది గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి. చిన్నప్పటి నుంచి బొమ్మల మీదనే ధ్యాస. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర గారు ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి. ఆయన కూడా చిత్రకారుడే. పిల్లవాని చేతిలో విద్య ఉందని గుర్తుపట్టి ప్రోత్సహించారు. రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి 1920లో ముగించారు.

ఊరూరా తిరిగి గుళ్ళు, కొండలు, మనుషులను చూసి గీసేవారు. మన ఆంధ్రుల బొమ్మకు సొంత తీరు ఉండాలని ఆయన పట్టుదల. ఋష్యశృంగ బంధనం, పుష్పాలంకారం, నందిపూజ ఆయన పేరున్న చిత్రాలు. నందిపూజ అనంగనే నాకు మన రామప్ప గుడి నంది యాదికొచ్చింది.

ఆయన నేర్చిన విద్యను దాచుకోలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారితో కలిసి రాజమండ్రిలో చిత్రకళ బడి పెట్టి నేర్పారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. ఆడపిల్లలం, ఈ మాట మనం గుర్తుంచుకోవాలి.

1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి రామారావు గారు చనిపోయారు. 28 ఏళ్ళు కూడా నిండలేదు. మా అవ్వ ముఖం మీద ఆ మచ్చలే ఉన్నయి. అవ్వ బతికింది, ఆమె తమ్ముడు బతకలేదు. టీకాల వల్ల 1980 నాటికి ఆ రోగం లోకంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు.

గురువు పోయినా బడి ఆగలేదు. వెంకటరత్నం గారు నడిపించారు. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న చిత్రశాలలో ఉన్నాయి.

అంత తక్కువ కాలం బతికిన మనిషే ఇతరులకు నేర్పి పోయిండు. ఒక్క తప్పు చేసి నేను ఇంట్లో కూసుంటే ఎట్ల? తెల్లారి పోయి అన్ని గాజుల అంచులకు టేపు అంటించిన. వేలు తెగిన పాపే ముందు వచ్చి నా పక్కన కూసుంది. నెమలి బొమ్మ వేసింది. అది మన డైనింగ్ హాలు కిటికీలో ఉంది, పొద్దున ఎండ పడ్డప్పుడు చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని