శ్రీశ్రీ - పదబంధ ప్రహేళిక

మహాకవి శ్రీశ్రీ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఉర్దూ శాఖవారికి సైతం మహాప్రస్థానం పేరు సుపరిచితమే. అయితే ఆ మహాకవి నల్లగళ్ళు, తెల్లగళ్ళు గీసుకొని పాఠకుని తికమకపెట్టే ఆధారాలు కూర్చిన సంగతిని విమర్శకులు ఒక్క వాక్యంలో తేల్చివేయడం పరిపాటి. అదంతా కాలహరణమని, కవికి తగని పని అని భావించేవారూ లేకపోలేదు. వారితో మేము ఏకీభవింపజాలము. ఆయన జీవితాన్ని ఆ గళ్ళ వైపునుండి ఒకసారి చూడవలెనన్నదే మా ప్రయత్నం.

శ్రీరంగం శ్రీనివాసరావు 1910లో విశాఖపట్టణంలో జన్మించారు. తండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్య, తల్లి అప్పలకొండ. శ్రీరంగం వారికి దత్తత పోవడంతో ఇంటిపేరు మారింది. ఇంటిపేరులోని తొలి అక్షరాన్ని, సొంతపేరులోని తొలి అక్షరాన్ని పక్కపక్కన నిలిపితే ఏర్పడినదే ఆయన కలంపేరు. పద్దెనిమిదేండ్ల ప్రాయంలో, 1928లో, ప్రభవ అనే పద్యసంపుటి వెలువడింది. 1931లో మద్రాసులో జంతుశాస్త్రం ప్రధానాంశంగా బి.ఏ. పూర్తిచేసి, కొంతకాలం విశాఖలో ఏ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి, 1938లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకులుగా చేరారు. ఉద్యోగాలు ఆయనను ఎక్కడా ఎక్కువకాలం నిలువనీయలేదు. ముప్పయ్యవ దశకంలో రచించిన గేతాలు మహాప్రస్థానంగా గ్రంథరూపం దాల్చింది 1950లో.

ఇక ప్రహేళిక సంగతి. గళ్ళలో మాటలు నింపే క్రీడను ఆర్థర్ విన్ అను ఆంగ్లేయుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ప్రారంభించాడు. అది తిన్నగా అర్థం చెప్పి మాట అడిగే ఆట మాత్రమే. పాఠకుని దారి తప్పించే గూఢమైన ఆధారాలు 1920ల నుండి ఇంగ్లండులో వృద్ధిచెందినవి. టార్కెమాడా అను మారుపేరుతో అబ్జర్వర్ పత్రికలో వాటిని కూర్చినవాడు కూడా ఒక కవి, అనువాదకుడే. శ్రీశ్రీ ఈ విదేశీ క్రీడను తెలుగుచేసి, దానికి పదబంధ ప్రహేళిక అని నామకరణం చేశారు. ఆ పేరులోనే ఆయన చూపు తెలియుచున్నది. ప్రహేళిక మనకు పరాయిది కాదు. దండి తన కావ్యాదర్శంలో పదహారు విధాల ప్రహేళికలను పేర్కొన్నాడు. ఉర్దూ, పారసీకములు చదివే మన విద్యార్థులు ముఅమ్మాను తలచుకొందురు గాక. పద్యంలోని అక్షరాలను విరిచి, కలిపి, తారుమారు చేసి ఒక మనిషి పేరును దాచే ఆ ప్రక్రియకు జామీ వంటి మహాకవి శాస్త్రగ్రంథాలే రచించాడు. అమీర్ ఖుస్రో పేరిట పహేలీలు నేటికీ జనం నోట ఉన్నవి. జామీకి లేని చిన్నతనం శ్రీశ్రీకి మాత్రం ఎందుకు?

ఆంగ్లంలో ఒక గడికి ఒక లిపి చాలును. తెలుగులో గడికి ఒక అక్షరం, అనగా గుణింతంతో, వత్తుతో, సున్నతో సహా. శ్రీశ్రీ అను పేరుకు ఆంగ్లంలో ఆరు గళ్ళు కావలె, తెలుగులో రెండే. ఇది చూచుటకు సులువుగా ఉన్నా కూర్పరికి కష్టం. అడ్డముగా పోయే మాటలోని స్త్రీ అను అక్షరం నిలువు మాటలోనూ అదే వత్తులతో, అదే దీర్ఘంతో రావలె. ఇరువదియారు లిపులతో ఆడే ఆట వందల అక్షరాలతో ఆడవలసివచ్చును.

ఆధారం విషయం ఉదాహరణ లేక బోధపడదు. మన ప్రాంతపు ఊళ్ళతో మేము కొన్ని కూర్చినాము. మొదటిది: కాపలా సరిగా లేకపోతే లోపలి జీడిపప్పు ఊరు బయటపడును (3). చదువగానే మనసు దొంగతనం మీదికి పోవును. కాని లోపలి అను మాటే తాళంచెవి. కాపలా సరిగా అను రెండు మాటల నడుమ చూడండి, పలాస దాగియున్నది.

రెండవది: గర్వముతో సంధి కుదుర్చుకొన్న తుమ్మెద చేరిన ఊరు (3). సంధి అనగానే రాజీ అనుకొందుము. ఇక్కడ అది వ్యాకరణ సంధి. గర్వమనగా టెక్కు, తుమ్మెద అనగా అలి. ఉకారసంధి చేయగా టెక్కలి. ఇట్టి ఆధారం ఆంగ్లంలో పుట్టజాలదు, ఇది మన సంధుల సొత్తు. ఇంకొకటి: పూలవనంలో యవత్తు తీసి దవత్తు ఇచ్చినచో కొబ్బరి, జీడితోటల సీమ (3). ఉద్యానం ఉద్దానమైనది.

గమనింపవలసినది ఏమనగా, మంచి ఆధారంలో ఒక్క మాటయు ఊరక ఉండదు. ప్రతి మాటా పైకి ఒక అర్థంతో, లోన మరొక పనితో నిలుచును. పాఠకుని మోసగింపవచ్చును, కాని అబద్ధమాడరాదు. గణాల కోసం వ్యర్థపదాలు కుక్కే పద్యాలను నిరసించి బయటికి వచ్చిన కవికి ఈ క్రమశిక్షణ ప్రీతికరం కావడంలో ఆశ్చర్యం లేదు. శబ్దమును విరిచి చూచుట ఆయనకు అలవాటు. సిరిసిరిమువ్వ శతకం, ప్రాసక్రీడలు, లిమరిక్కులు అను మూడింటిని కలిపి ముద్రించినపుడు మూడు పేర్ల మొదళ్ళు తీసి ఆ పుస్తకానికి సిప్రాలి అని పేరు పెట్టారు.

ఈ విద్య ఆయనకు అన్నం పెట్టినది కూడా. తెలుగులో తొలి అనువాద చిత్రంగా చెప్పబడే ఆహుతికి 1950లో మాటలు, పాటలు రాసినది శ్రీశ్రీయే. మూలం హిందీ చిత్రం. తెరమీద నటుని పెదవులు కలిసినచోట ప, బ, మ వంటి ఓష్ఠ్యం పడవలె, నోరు తెరిచినచోట అచ్చు పలుకవలె, అన్ని అక్షరాలు అంతలోనే ముగియవలె, అర్థమూ చెడరాదు. గళ్ళు ముందే గీసిపెట్టి మాటలు వెదకుమనుటకు దీనికి భేదమేమున్నది? నేరుగా తెలుగులో తీసిన చిత్రాలకూ ఆయన పాటలు రాశారు. అల్లూరి సీతారామరాజు చిత్రంలోని పాటకు జాతీయ బహుమతి లభించిన సంగతి విదితమే.

పై ఊళ్ళ పేర్లను మేము వినోదానికి మాత్రమే ఎన్నుకొనలేదు. 1960ల చివర శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం ఈ నేలమీద నడిచినది. ఉద్దానంలోని బొడ్డపాడులో అర్చకత్వం చేసుకొంటూ జముకుల కథ కట్టి పాడిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించారు. మరి రెండు మాసాలకు, 1970 ఫిబ్రవరిలో, విశాఖపట్టణంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినవి. ఇంత జరుగుతుండగా మీరెటువైపని రచయితలను నిలదీస్తూ విశాఖ విద్యార్థులు అక్కడ కరపత్రం పంచిపెట్టినారు. ఈ ప్రశ్నకు రెండర్థాలు లేవు, శ్లేష లేదు, దాటిపోవుటకు సంధి లేదు. సన్మానం అందుకొని ఇంటికి పోవుట అరవై ఏండ్ల కవికి సులువైన దారి. ఆయన ఆ దారి పట్టలేదు. అదే ఏడు జూలై 4న ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి అధ్యక్షులైనారు. ఆ రాజకీయ మార్గం మంచిచెడ్డలు ఈ సంచికలో చర్చింపదగినవి కావు. మాటలతో ఆడుకొనే మనిషి మాటకు కట్టుబడడన్న అపవాదు మాత్రం నిలువదని మా అభిప్రాయం.

1972లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినది. 1980లో మరో ప్రస్థానం వెలువడినది. 1983 జూన్ 15న మద్రాసులో ఆయన కన్నుమూశారు. ఆయనకు అల్లుడి వరసైన ఆరుద్ర ఇదే క్రీడను గళ్ళ నుడికట్టు అను అచ్చతెనుగు పేరుతో సాగించి, 1998లో గతించారు. పత్రికల ఆదివారపు పుటలలో ఆ గళ్ళు ఇప్పటికీ కనిపించుచున్నవి. వాటిని నింపుటకు పెద్ద పాండిత్యం అక్కరలేదు. ఇంట ఉర్దూ మాటలాడే పిల్లవాడైనా చెవి పెట్టి వినగలిగితే చాలును. అట్టివారికొరకు మన ప్రాంతపు ఆధారమే ఇంకొకటి: సున్న పోయిన పెట్టెలో కోవా దొరుకును (3). జవాబు మేమిక్కడ ఇవ్వము.