ఆశ్రయదాత్రి రాజ్యలక్ష్మమ్మ

సంఘసంస్కార చరిత్రను వ్రాయువారు శాసనములను పేర్కొందురు. సభలను, ఉపన్యాసములను, వాదప్రతివాదములను వర్ణింతురు. వంటయింటిని గూర్చి వ్రాయువారు అరుదు. ఆంధ్రదేశమున వితంతువుల యుద్ధరణమునకై జరిగిన ఉద్యమము మాత్రము ఒక వంటయింటి ఆధారముననే నిలిచినది. ఆ యింట పొయ్యి వెలుగకుండినచో, కందుకూరి వీరేశలింగం పంతులుగారి వాక్పటిమయు, లేఖినీబలమును ఎంత గొప్పవైనను, నమ్మివచ్చిన నిరాశ్రయులకు ఒక పూట అన్నమైనను పెట్టజాలకపోయెడివి. ఆ పొయ్యి ఆరనీయక కాపాడిన ఇల్లాలు శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు.

రాజ్యలక్ష్మమ్మగారు 1851వ సంవత్సరమున రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాతేరు గ్రామమున జన్మించిరి. పుట్టినింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861వ సంవత్సరమున వీరేశలింగముగారితో వివాహమైనది. అప్పటికి వధూవరు లిరువురును బాల్యముననే యుండిరి. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు వచ్చినది. వీరేశలింగముగారు నాలుగేండ్ల వయసుననే తండ్రిని కోల్పోయినవారు. తల్లి పున్నమ్మగారి చేతిక్రింద, సదాచారపరాయణమైన బ్రాహ్మణకుటుంబమున ఆ బాలిక కాపురమునకు వచ్చి, ఇంటి పనులను, మడి ఆచారములను నేర్చుకొనినది. ఆ యింటి గడపయే యొకనాడు కులము వెలివేసిన వారికెల్ల ప్రవేశద్వార మగునని అప్పుడెవ్వరును ఊహించి యుండరు.

1874వ సంవత్సరమున పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, లంచగొండితనమును, వేశ్యాసంపర్కమును, కన్యాశుల్కమును ఖండింప మొదలిడిరి. క్రమముగా వారి దృష్టి బాలవితంతువుల దుఃస్థితిపై నిలిచినది.

ఆనాటి స్థితి యెట్టిదో నేటి విద్యార్థులు తెలిసికొనవలసి యున్నది. భర్త ముఖమైనను సరిగా ఎరుగని బాలిక, భర్త మరణించినంతనే వితంతు వగును. తలవెండ్రుకలు తీయింపబడును. ఒంటిపూట భోజనము, ముతకచీర, చీకటిగది, అందరి చాకిరియు ఆమె వంతు. శుభకార్యమునకు ఎదురుపడిన అపశకున మని తిట్టుదురు. ఆస్తిపై హక్కు నామమాత్రము. ఇంటిలోని మగవాని దౌష్ట్యమునకు లోనై గర్భవతి యైనచో నేరము ఆమెదే. తీర్థయాత్ర నెపమున దూరదేశమునకు కొనిపోయి విడిచివచ్చుట కలదు. గర్భము పోగొట్టుటకు నాటుమందులిచ్చి ప్రాణము తీయుట కలదు. పుట్టిన శిశువును చంపివేయుట కలదు. ఈ ఘోరమును చూడలేకయే పుణ్యపట్టణమున జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863వ సంవత్సరమున గర్భిణులైన వితంతువులకు ఒక ఆశ్రయగృహమును తెరచిరి.

వితంతు వివాహమును చట్టసమ్మతము చేయు శాసనము 1856వ సంవత్సరముననే వచ్చినది. కాని శాసనము హక్కును ఈయగలదే గాని గూడును ఈయజాలదు. పుట్టినిల్లును, మెట్టినిల్లును విడిచి వచ్చిన పిల్ల ఆ రాత్రి ఎక్కడ తల దాచుకొనవలెను? ఆమెకు అన్నమెవరు పెట్టుదురు? జ్వరము వచ్చిన ఎవరు చూతురు? ఈ ప్రశ్నలకు సమాధానము రాజ్యలక్ష్మమ్మగారి ఇల్లు.

1879వ సంవత్సరమున పంతులుగారు వితంతు వివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగా ఉపన్యసించిరి. పండితులు ప్రతివాదములు సల్పిరి. రెండేండ్లు వాదములతో గడచినవి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మ యను బాలవితంతువునకును వివాహము జరిగినది. వధువు తల్లి సమ్మతించియే బిడ్డ నొసగెను. అల్లరి జరుగునను భయమున పోలీసుల బందోబస్తు ఏర్పాటయ్యెను. పంతులుగారి శిష్యులు ఇంటికి కాపలా కాచిరి.

ఊరు ఊరంతయు పగబట్టినది. వంటవారు రామనిరి, నీళ్లు మోయువారు మానివేసిరి, పౌరోహిత్యమునకు వచ్చువారు కరవైరి. అట్టి తరుణమున రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనిడుకొని స్వయముగా గోదావరికి పోయి నీళ్లు తెచ్చిరి. పెండ్లికి వచ్చిన వారందరికిని తామే వండి వడ్డించిరి. ఆ రోజులలో ఆమె మోసిన బిందెలను ఎవరును లెక్కింపలేదు. కాని వానిలో ఒక్కటి తక్కువైనను ఆ పెండ్లివారికి ఆకలి తప్పెడిది కాదు.

కొలది దినములకే రెండవ వివాహమును జరిగినది. అంతట శంకరాచార్యుల శ్రీముఖము వెలువడెను. వివాహములో పాల్గొన్నవారికి బహిష్కారము విధింపబడినది. అంతవరకు వెంట నిలిచినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేయించుకొని ప్రక్కకు తొలగిరి. కులబహిష్కార మనగా కేవలము ఒక పంక్తిలో భోజనము లేకపోవుట కాదు. మగవానికి కచ్చేరి యున్నది, బడి యున్నది, మిత్రులున్నారు. ఇంట నుండు స్త్రీకి లోకమంతయు ఇరుగుపొరుగే. పేరంటమునకు పిలుపుండదు, ముత్తైదువలు గడప త్రొక్కరు, కష్టసుఖములలో పలుకరించు తోబుట్టువులు రారు. భర్త చేసిన సాహసమునకు అధికభాగము శిక్షను భార్య అనుభవింపవలసి వచ్చెను.

బంధువులు వచ్చి, భర్తను విడిచి తమతో రమ్మని ఆమెను ఒత్తిడి చేసిరి. తాము పోషింతుమని ఆశ చూపిరి. రాకున్న సంబంధము తెగునని బెదరించిరి. ఆమె చలింపలేదు. ఇది కేవలము పతిభక్తి యని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. భర్త మాటకు తలయొగ్గి ఒకనాడు పెండ్లివారికి వండిపెట్టుట పతిభక్తి కావచ్చును. సుమారు 30 ఏండ్ల కాలము పరులబిడ్డలను తన బిడ్డలుగా సాకుట స్వయముగా నమ్మిన ధర్మము లేనిదే సాధ్యము కాదు.

పంతులుగారు తమ జీవితకాలమున సుమారు 40 వితంతు వివాహములను జరిపించిరి. ప్రతి వివాహమునకు ముందును వెనుకను రాజ్యలక్ష్మమ్మగారి పని యుండెడిది. రహస్యముగా వచ్చిన వధువును దాచి ఉంచవలెను. భయముతో వణకుచున్న పిల్లకు ధైర్యము చెప్పవలెను. పెండ్లియైన పిదప దంపతులను వారి బంధువులు రానీయరు గనుక వారికి వసతి చూడవలెను. ఉద్యోగము దొరకువరకు కుటుంబ వ్యయమును భరింపవలెను. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు మొదలైన ఉదారులు ధనసహాయము చేసిరి. ధనము బియ్యమును కొనగలదు. కాని అర్ధరాత్రి తలుపు తట్టిన పిల్లను ఎవరవని కసరక లోనికి పిలుచుట ధనముచేత కాదు.

కాలము గడచినకొలది ఒక సంగతి స్పష్టమైనది. వితంతువు లందరును పునర్వివాహము చేసికొనలేరు. కొందరికి వయసు మించినది. కొందరికి ఇష్టము లేదు. కొందరు మోసపోయి గర్భవతులై వచ్చిరి. వీరికి కావలసినది వరుడు కాదు. నిర్భయముగా నుండుటకు ఒక చోటు, బ్రదుకుటకు కొంత చదువు. బొంబాయిలో పండిత రమాబాయిగారు 1889వ సంవత్సరమున శారదాసదనమును, పుణ్యపట్టణమున కర్వేగారు 1896వ సంవత్సరమున వితంతు ఆశ్రమ సంస్థను స్థాపించుటకు ఇదియే కారణము. పంతులుగారును మద్రాసున నివసించిన కాలమున అక్కడను, రాజమహేంద్రవరమునను వితంతు శరణాలయములను నెలకొల్పిరి.

శరణాలయమునకు నియమావళి వ్రాయుట పంతులుగారి పని; దానిని ఇల్లుగా మార్చుట రాజ్యలక్ష్మమ్మగారి పని. వేర్వేరు ఊళ్లనుండి, వేర్వేరు కష్టములతో వచ్చిన స్త్రీలు ఒకచోట చేరినప్పుడు అలుకలు, తగవులు, అనుమానములు తప్పవు. వారిని సమాధానపరచి, రోగము వచ్చిన సేవచేసి, తల్లివలె ఆదరించిరి. లోకము పతితలని త్రోసివేసిన యువతులకు సైతము రక్షణ కల్పించిరి. గర్భిణులై వచ్చిన వారికి పురుడు పోయించి, పథ్యము పెట్టి, తల్లులు పెంచలేని శిశువులను చేరదీసిరి. వచ్చిన యువతి గతమును త్రవ్వి అడుగుట కంటె ఆమెకు భోజనమైనదా లేదా యని చూచుట ముఖ్యమని ఆమె నడవడి చాటినది. దాతయొక్క గొప్పతనము చెప్పుచేతలలో లేదు. దానము పుచ్చుకొనువాని మానమును కాపాడుటలో కలదు.

ఆ దంపతులకు సంతానము లేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని దానికి సమర్పించిరి. వ్యక్తి యింట పుట్టిన ధర్మము వ్యక్తితో అంతరింపకుండ, ఒక సంస్థకు అప్పగించుట ఇందలి దూరదృష్టి. అయితే ఆ దానమున రాజ్యలక్ష్మమ్మగారి త్యాగమును కలదు. బంధువులు లేని, బిడ్డలు లేని ఇల్లాలికి భర్త యార్జించిన ఆస్తియే వార్ధక్యమున ఊతకోల. భర్తకు పిదప ఒంటరి స్త్రీకి ఏ గతి పట్టునో ఆమెకంటె ఎక్కువగా చూచినవారు ఆ నగరమున లేరు. అంతయు తెలిసియు ఆ ఊతకోలను తనకంటె దిక్కులేని వారి చేతికి అందనిచ్చినది.

రాజ్యలక్ష్మమ్మగారు 1910వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన పరమపదించిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి, 1919వ సంవత్సరము మే 27వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. రాజమహేంద్రవరమున వారి తోటలో ఇరువురి సమాధులు కలవు. పిమ్మట హితకారిణీ సమాజ పక్షమున ఆ నగరముననే ఆమె పేర మహిళా కళాశాల వెలసినది.

పంతులుగారి గ్రంథములు మనకు మిగిలినవి. రాజ్యలక్ష్మమ్మగారు వండిన అన్నమునకును, మోసిన నీళ్లకును గ్రంథములు లేవు. తరగతిలో యుగకర్త పాఠము చెప్పు ఉపాధ్యాయులు 1881వ సంవత్సరపు వివాహమును గూర్చి చెప్పునప్పుడు, ఆనాడు పెండ్లివారికి నీరు ఎక్కడనుండి వచ్చెనో కూడ చెప్పవలెను. అప్పుడే పాఠము సంపూర్ణ మగును.