పల్లె పాట కోసం ఊరూరా తిరిగిన బేలా బార్టోక్

మన సంఘం సంచికలో మనవాళ్ళ గురించి రాయకుండా ఎక్కడో యూరప్‌లోని హంగరీ దేశస్థుడి గురించి ఎందుకు రాస్తున్నానని మీరు అడగవచ్చు. బడికి పోనివాళ్ళు పాడే పాట కూడా అసలైన సంగీతమేనని, దానికీ ఒక పద్ధతి, ఒక వ్యాకరణం ఉంటాయని ఋజువులతో చూపినవాళ్ళలో ఆయన ముందు వరుసలో ఉంటారు. ఆయన పేరు బేలా బార్టోక్. చనిపోయి 80 ఏళ్ళు అవుతున్నా ప్రపంచంలోని పెద్ద పెద్ద సంగీత కళాశాలల్లో ఆయన రచనలు నేర్పుతూనే ఉన్నారు. ఆయన జీవితం తెలిస్తే మన అవ్వల పాటలను ఎలా వినాలో కూడా మనకు కొంత తెలుస్తుంది.

బార్టోక్ 1881 మార్చి 25న పుట్టారు. ఆయన పుట్టిన చిన్న పట్టణం అప్పట్లో హంగరీలో ఉండేది, ఇప్పుడది రుమేనియాలో ఉంది. తండ్రి వ్యవసాయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. తల్లి పౌలా కూడా టీచరే. పసితనంలో బార్టోక్‌కు ఒళ్ళంతా చర్మవ్యాధి. అయిదేళ్ళ దాకా బయటి పిల్లలతో కలవకుండా ఇంట్లోనే ఉండిపోయారు. ఏడేళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. తల్లి టీచరు ఉద్యోగం చేస్తూ, ఊరి నుంచి ఊరికి మారుతూ, కొడుకునూ కూతురినీ పెంచింది. పియానో మీద మొదటి పాఠాలు చెప్పింది కూడా ఆమే. 11 ఏళ్ళ వయసులో బార్టోక్ జనం ముందు కచేరీ చేసి, తాను సొంతంగా కట్టిన బాణీ కూడా వాయించారు. 1899లో బుడాపెస్ట్ సంగీత అకాడమీలో చేరి నాలుగేళ్ళు చదువుకున్నారు.

అప్పట్లో హంగరీ నగరవాసులకు ఒక నమ్మకం ఉండేది. హంగరీ సంగీతం అంటే కాఫీ హోటళ్ళలో, విందుల్లో రోమా వాద్యకారులు ఫిడేళ్ళ మీద వాయించే పాటలే అనుకునేవారు. ఆ పాటల్లో చాలా భాగం పట్నం రచయితలు రాసినవే. పొలంలో పనిచేసే రైతు కుటుంబాల్లో వేరే సంగీతం ఉందని వారికి తెలియదు. తెలిసినా, చదువురాని వాళ్ళ పాటలో ఏముంటుందిలే అనుకునేవారు. ఈ మాట మనకు కొత్తేమీ కాదు. మా హాస్టల్‌లో పిల్లలను పాడమంటే సినిమా పాట గొంతెత్తి పాడతారు. అవ్వ పాడే పాట పాడమంటే పక్కనున్నవాళ్ళ ముఖం చూసి తల దించుకుంటారు. ఆ పాట తక్కువదని వాళ్ళకు పాఠం పెట్టి ఎవరూ చెప్పలేదు. చుట్టూ ఉన్న లోకాన్ని చూసి వాళ్ళే నేర్చుకున్నారు.

1904 వేసవిలో బార్టోక్ ఉత్తర హంగరీలోని ఒక పల్లెలో కొన్నాళ్ళు ఉన్నారు. ఆ ఇంటి దగ్గర పిల్లలను చూసుకునే పనిలో లిది దోష అనే 18 ఏళ్ళ అమ్మాయి ఉండేది. ఆమె ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోని కిబేద్ అనే ఊరి నుంచి వచ్చింది. పిల్లల దగ్గర ఆమె పాడుతున్న పాట బార్టోక్ చెవిన పడింది. అకాడమీలో నేర్చుకున్న దేనికీ ఆ బాణీ సరిపోలలేదు. ఆయన ఆమెను కూర్చోబెట్టి, ఇంకా ఏమేం వచ్చో పాడమని అడిగి రాసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 23. పియానో విద్వాంసుడిగా పేరు తెచ్చుకుంటున్న ఆ యువకుడి దారి అక్కడ మలుపు తిరిగింది.

మరుసటి సంవత్సరం ఆయనకు జోల్తాన్ కొదాయ్ పరిచయమయ్యారు. కొదాయ్ అప్పటికే పల్లె పాటలు సేకరిస్తున్న సంగీతకారుడు. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. 1906లో ఇద్దరూ కలిసి 20 హంగరీ జానపద గీతాలను పియానో సహకారంతో పుస్తకంగా తెచ్చారు. పట్నంలో దానికి పెద్దగా ఆదరణ రాలేదు. అయినా ఇద్దరూ ఊళ్ళు పంచుకుని తిరగడం మొదలుపెట్టారు.

వాళ్ళ చేతిలో ఉన్న పరికరం ఎడిసన్ ఫోనోగ్రాఫ్. దానికి కరెంటు అక్కర్లేదు. పాడే మనిషి ఒక గరాటు లాంటి బూర ముందు నిలబడి పాడాలి. తిరుగుతున్న మైనపు గొట్టం మీద సన్నని సూది ఆ శబ్దాన్ని గీతలుగా గీస్తుంది. ఒక్కో గొట్టంలో కొద్ది నిమిషాల పాటే పడుతుంది. మళ్ళీ మళ్ళీ వింటే గీత అరిగిపోతుంది. ఈ పెట్టెను, గొట్టాలను మోసుకుంటూ, బండి దొరికితే బండి మీద, లేకుంటే నడిచి ఆయన పల్లెలకు వెళ్ళేవారు. 1907 నుంచి ఆయన బుడాపెస్ట్ అకాడమీలో పియానో ఆచార్యులు. సెలవు దొరికితే చాలు, ఊళ్ళ బాట పట్టేవారు.

పల్లెవాళ్ళు వెంటనే పాడేవారని అనుకోకండి. పట్నం దొర వచ్చి ముసలమ్మను పాడమంటే ఎగతాళి చేయడానికేమోనని అనుమానించేవారు. బూరను చూసి భయపడేవారు. బార్టోక్ చాలా తక్కువ మాట్లాడే మనిషి. అయినా వాళ్ళ మధ్య ఓపికగా కూర్చునేవారు, వాళ్ళ తిండి తినేవారు, వాళ్ళ బల్లల మీద పడుకునేవారు. తన జీవితంలో అత్యంత సంతోషంగా గడిచిన రోజులు అవేనని తర్వాత చెప్పుకున్నారు. పాట దొరికిన ప్రతిచోటా పాడినవారి పేరు, వయసు, ఊరు, తేదీ రాసుకునేవారు. ఇంటికొచ్చాక గొట్టాన్ని జాగ్రత్తగా వింటూ, గొంతులోని చిన్న విరుపు కూడా వదలకుండా స్వరాలుగా కాగితం మీద పెట్టేవారు. ఏళ్ళ తర్వాత మళ్ళీ విని, రాసినదాన్ని మళ్ళీ దిద్దేవారు.

1907 వేసవిలో ట్రాన్సిల్వేనియాలో తిరిగినప్పుడు ఆయనకు ఒక ముఖ్యమైన విషయం తెలిసింది. అక్కడి పాత పాటలు చాలావరకు ఐదు స్వరాల మీదే నడుస్తున్నాయి. మీ బడిలో హార్మోనియం ఉంటే తెల్ల మెట్లు ముట్టకుండా నల్ల మెట్లు మాత్రమే వాయించి చూడండి, అలాంటి ఐదు స్వరాల కుటుంబం మీకే వినిపిస్తుంది. ఇలా విన్న వేల పాటలను పక్కపక్కన పెట్టి పోల్చి, 1924లో హంగరీ జానపద గీతంపై ఆయన పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో పాటలను పాత శైలి, కొత్త శైలి, మిశ్రమం అని మూడు గుంపులు చేశారు.

పాత శైలి పాట పైన మొదలై కిందికి దిగుతుంది. చాలా పాటల్లో మొదటి సగంలో విన్న బాణీయే రెండో సగంలో ఐదు మెట్లు కింద మళ్ళీ వస్తుంది. తాళానికి కట్టుబడకుండా మాట్లాడినట్టు సాగే పాటలు ఎక్కువ. కొత్త శైలి పాట నాట్యానికి సరిపడే తాళంలో నడిచి, మొదటి పంక్తి బాణీతోనే ముగుస్తుంది. అది 19వ శతాబ్దంలో పుట్టింది. బార్టోక్ తిరిగే రోజుల్లో ఊళ్ళలో కుర్రకారు అంతా కొత్త శైలిలోనే పాడేవారు. పాతవి తెలిసినవాళ్ళు ముసలివాళ్ళే. అందుకే ఆయన మొదట ముసలివాళ్ళ గడప తొక్కేవారు. కానీ కుర్రవాళ్ళ పాటను చెడిపోయినదని తోసేయలేదు. అదీ ఆ మట్టిలో పుట్టిందే కాబట్టి అంతే శ్రద్ధగా రాసుకున్నారు. పాత పాట పోకముందే పట్టుకోవాలి, కొత్త పాట ఎలా పుడుతోందో చూడాలి. ఈ రెండు పనులూ ఆయన కలిపి చేశారు.

హంగరీ పాటతోనే ఆయన ఆగలేదు. పక్కనే ఉన్న స్లొవాక్, రుమేనియన్, రుథేనియన్ పల్లెలకూ వెళ్ళారు. అందుకోసం వాళ్ళ భాషలు నేర్చుకున్నారు. 1913లో ఆఫ్రికాలోని అల్జీరియాకు వెళ్ళి బిస్క్రా ప్రాంతంలో అరబ్బుల పాటలు రికార్డు చేశారు. 1936లో టర్కీ వెళ్ళి అనటోలియా పల్లెల్లో తిరిగారు. ఎక్కడి పాట ఎక్కడి పాటతో కలుస్తోంది, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళింది అన్నదే ఆయన ప్రశ్న. పక్కపక్కన బతికే జాతులు పాటలు ఇచ్చిపుచ్చుకుంటాయని, ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే అవి బలపడతాయని ఆయన తేల్చారు.

ఈ మాటకు ఆయన మూల్యం చెల్లించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 నాటి సంధితో హంగరీ చాలా భూభాగం కోల్పోయింది. ఆయన తిరిగిన స్లొవాక్, రుమేనియన్ పల్లెలు వేరే దేశాల్లోకి వెళ్ళిపోయాయి. అలాంటి సమయంలో రుమేనియన్ల సంగీతం గురించి గొప్పగా రాస్తున్నాడని, దేశభక్తి లేదని సొంత దేశంలో కొందరు పత్రికల్లో ఆయనను దుయ్యబట్టారు. సరిహద్దు అవతల ఇంకొందరు ఆయన పరిశోధనను అనుమానించారు. ఆయన మాత్రం తన పుస్తకాలు, పట్టికలు, స్వరలిపులతోనే జవాబిచ్చారు.

సేకరించిన పాటలు ఆయన సొంత సంగీతాన్నీ మార్చేశాయి. పిల్లల కోసం హంగరీ, స్లొవాక్ బాణీలతో చిన్న చిన్న పియానో పాఠాలు రాశారు. ట్రాన్సిల్వేనియా పల్లెల్లో ఫిడేలు మీద, పిల్లనగ్రోవి మీద విన్న బాణీలతో 1915లో రుమేనియన్ జానపద నృత్యాలు కట్టారు. తర్వాతి రోజుల్లో బాణీని తీసుకోకుండానే, దాని నడకను, విరుపును తన రచనల్లోకి తెచ్చారు. పియానోను డప్పులాగా గట్టిగా మోగించారు. అప్పటి శ్రోతలకు అది మోటుగా, వింతగా వినిపించింది. ఆయన రాసిన ఏకైక ఒపెరాను 1911లో పోటీకి పంపితే తిరస్కరించారు. అది రంగస్థలం ఎక్కడానికి 1918 దాకా ఆగాల్సి వచ్చింది. కొత్త సంగీతం కోసం స్నేహితులతో కలిసి పెట్టిన సంఘం నిలవలేదు. కొన్నేళ్ళు ఆయన కచేరీ లోకానికి దూరంగా ఉండి, పల్లె పాటల పని మీదే దృష్టి పెట్టారు. ఈనాడు మాత్రం 20వ శతాబ్దపు కొత్త సంగీతం గురించి ఎవరు మాట్లాడినా ఆయన పేరు చెప్పకుండా ఉండరు. కొత్తదనం కోసం ఆయన వెతుక్కున్న చోటు పల్లెల్లోని ముసలివాళ్ళ గొంతు.

జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాక బార్టోక్ ఆ దేశంలో కచేరీలు మానుకున్నారు. హంగరీ కూడా అదే దారి పట్టడం చూసి బాధపడ్డారు. ముసలి తల్లిని వదిలి వెళ్ళలేక ఆగారు. 1939 డిసెంబరులో ఆమె చనిపోయాక, 1940లో భార్య దిత్తాతో అమెరికాకు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వీలునామా రాశారు. బుడాపెస్ట్‌లో హిట్లర్, ముస్సోలినీల పేర్లతో కూడళ్ళు ఉన్నంతకాలం తన పేరు ఏ వీధికీ పెట్టవద్దని అందులో కోరారు.

అమెరికాలో ఆయనకు డబ్బు ఇబ్బంది, అనారోగ్యం రెండూ ఎదురయ్యాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో యుగోస్లావియా పల్లె పాటల రికార్డులను స్వరలిపిలోకి మార్చే పని చేశారు. కచేరీలు తగ్గిపోయాయి. రక్త క్యాన్సర్ ముదిరింది. ఆ స్థితిలోనే 1943లో ఆర్కెస్ట్రా కోసం రాసిన కన్చెర్టోను 1944 డిసెంబరులో బోస్టన్‌లో వాయిస్తే జనం బ్రహ్మరథం పట్టారు. 1945 సెప్టెంబరు 26న న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు. భార్య కోసం రాస్తున్న పియానో కన్చెర్టోలో చివరి 17 గీతల వాద్య విభజన మిగిలిపోతే, స్నేహితుడైన టిబోర్ షెర్లీ పూర్తి చేశారు. అంత్యక్రియలకు కొద్దిమందే వచ్చారు. 1988లో ఆయన అవశేషాలను బుడాపెస్ట్ తీసుకువచ్చి ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. ఆయన మోసుకు తిరిగిన మైనపు గొట్టాలు బుడాపెస్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. లిది దోష పేరు కూడా చరిత్రలో మిగిలింది. ఆ పాట విన్న మనిషి, పాడిన మనిషి పేరు కూడా రాసుకోబట్టి.

ఇక మన సంగతి. గుస్సాడీ నృత్యాన్ని తరతరాలకు నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల చరిత్ర, కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచిపోయారు. వాళ్ళకు పేరు వచ్చింది కాబట్టి కొంతైనా రికార్డు అయింది. మీ గూడెంలో పేరు రాని అవ్వలు, తాతలు ఎందరున్నారో మీకే తెలుసు. నాటు వేసేటప్పటి పాట, పెళ్ళి పాట, చావు పాట, పసిపిల్లను నిద్రపుచ్చే పాట వాళ్ళతోనే ఉన్నాయి.

బార్టోక్ ఆ పల్లెలకు బయటివాడు. భాష నేర్చుకోవాలి, నమ్మకం సంపాదించుకోవాలి, బరువు మోయాలి. మీకు అవేవీ అక్కర్లేదు. అవ్వ మీ ఇంట్లోనే ఉంది, భాష మీ నోట్లో ఉంది, రికార్డు చేసే ఫోను జేబులో ఉంది. ఆయనకు గొట్టానికి కొద్ది నిమిషాలే దొరికేవి, మీకు గంటలు దొరుకుతాయి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పాటతో మొదలుపెట్టండి. ముందు అవ్వను అడగండి. పూజ పాటలు, ఏడాదిలో ఒక్కసారే పాడవలసిన పాటలు కొన్ని ఉంటాయి. వాటిని రికార్డు చేయవచ్చో లేదో, బయట పెట్టవచ్చో లేదో పెద్దలే చెప్పాలి, వాళ్ళు వద్దంటే వద్దు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, టీవీ ఆపి, పాట మొత్తం మధ్యలో అడ్డు రాకుండా పాడనివ్వండి. తర్వాత నోటు పుస్తకంలో ఐదు విషయాలు రాయండి: పాడినవారి పేరు, వయసు, ఊరు, తేదీ, ఆ పాట ఎప్పుడు ఎందుకు పాడతారు. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అవ్వను అడిగి ఆ పేరు కూడా రాయండి. అర్థం కాని మాట ఉంటే అప్పుడే అడగండి. మరో సెలవుకు అడుగుదాంలే అనుకోవద్దు. ఆ రికార్డును రెండు చోట్ల దాచండి.

మీలో పాటలు కట్టేవాళ్ళు, బీట్లు చేసేవాళ్ళు, డీజే పెట్టేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. చేయండి. కుర్రవాళ్ళ కొత్త పాటను బార్టోక్ ఎప్పుడూ తక్కువ చేయలేదు. కాకపోతే మీ బీటు కింద వినిపించే డోలు దెబ్బ ఎవరిదో, ఏ పండగదో తెలుసుకుని వేయండి. పాట కింద అవ్వ పేరు రాయండి.