మధ్యాహ్నం కునుకు.. అర్ధరాత్రి మీటింగ్: ఒక్క రోజును రెండు రోజులు చేసుకున్న చర్చిల్

1940 మే 10. హిట్లర్ సేనలు పశ్చిమ యూరప్‌పై విరుచుకుపడిన రోజు. ఆ సాయంత్రమే విన్‌స్టన్ చర్చిల్ బ్రిటన్ ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయన వయసు 65. మన దగ్గరైతే రిటైరై మనవళ్లతో కాలక్షేపం చేసే వయసు. ఆయన మాత్రం యుద్ధం నడిచిన ఐదేళ్లూ తరచూ రాత్రి రెండింటి దాకా పనిలోనే ఉన్నారు. ఎలా కుదిరింది? జవాబు చాలా సింపుల్. మధ్యాహ్నం పడుకునేవారు.

కుర్చీలో కునికిపాట్లు కాదండోయ్. బట్టలు విప్పి, మంచమెక్కి, గంట పైనే నిద్ర. ఈ అలవాటు 1895లో క్యూబాలో అబ్బింది. 21 ఏళ్ల కుర్ర ఆఫీసర్‌గా స్పెయిన్ సైన్యంతో తిరిగినప్పుడు, ఎండవేళ సైనికులంతా పడుకోవడం చూశారు. కాస్త నిద్రపోతే సాయంత్రం నుంచి మరో రోజు మొదలైనట్టే ఉంటుందని అప్పుడే అర్థమైంది.

మరుసటి ఏడాదే ఆయన రెజిమెంట్ బెంగళూరు వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకే హైదరాబాద్‌లో గోల్కొండ కప్ పోలో టోర్నీ గెలిచింది. ఆ జట్టులో చర్చిల్ కూడా ఉన్నారు. బెంగళూరులో పొద్దున పరేడ్, సాయంత్రం పోలో. మధ్యలో మిగతా ఆఫీసర్లు నిద్రపోతుంటే, ఈయన మాత్రం గంటల తరబడి పుస్తకాలు చదివేవారు. యూనివర్సిటీ మెట్లెక్కని చర్చిల్ గిబ్బన్ రాసిన రోమ్ చరిత్రను చదివింది అక్కడే. నిద్ర విలువ తెలిసీ చదువు కోసం దాన్ని వదులుకున్న రోజులవి.

ప్రధాని అయ్యాక ఆయన రోజు ఇలా సాగేది. ఎనిమిదింటికి లేచినా మంచం దిగరు. టిఫిన్, పేపర్లు, ఫైళ్లు అన్నీ అక్కడే. పక్కన కూర్చున్న సెక్రటరీకి లెటర్లు చెబుతూ టైప్ చేయించేవారు. టకటక శబ్దం పడదు కాబట్టి చప్పుడు తక్కువ చేసే టైప్‌రైటర్లు తెప్పించారు. తర్వాత స్నానం, మీటింగులు, భోజనం, నిద్ర. మళ్లీ స్నానం చేసి రాత్రి డ్యూటీ ఎక్కేవారు.

చాంతాడంత రిపోర్టులంటే ఆయనకు చిరాకు. 1940 ఆగస్టు 9న అధికారులందరికీ ఒక నోట్ పంపారు. అసలు పాయింట్లు చిన్న పేరాల్లో రాయండి, లెక్కలు చివర్లో జత చేయండి అన్నది సారాంశం. లండన్‌పై బాంబులు పడబోతున్న వేళ ప్రధానికి ఇదా పని అనిపించొచ్చు. కానీ రోజూ వచ్చే కాగితాల గుట్ట చూస్తే అది చిన్న పనేం కాదు.

అయితే ఈ కథకు ఇంకో వైపు ఉంది. ఆయన మధ్యాహ్నం పడుకున్నారు, మరి మిగతావాళ్లు? సైన్యాధిపతి అలన్ బ్రూక్‌కు ఆ వెసులుబాటు లేదు. అర్ధరాత్రి దాటాక ముగిసే మీటింగుల మీద తన డైరీలో పదేపదే విసుక్కున్నారు. పొద్దున్నే మళ్లీ ఆయనకు డ్యూటీ. నైట్ షిఫ్ట్ చేసి మార్నింగ్ మీటింగ్‌కి వచ్చినవాళ్లకి ఈ బాధ ఇట్టే తెలుస్తుంది. 1940 జూన్‌లో భార్య క్లెమెంటైన్ ఒక లెటర్ రాశారు. కింది వాళ్లతో దురుసుగా ఉంటున్నారు, ఇలాగైతే మంచి సలహా చెప్పేవాళ్లు కూడా నోరు మూసుకుంటారన్నది ఆమె భయం. ఒకసారి రాసి చించేశారు. మళ్లీ రాసి ఇచ్చారు.

ఇంత ఫోకస్ ఉన్న మనిషి బెంగాల్ వైపు సరిగ్గా చూడలేదు. 1943 కరవులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఢిల్లీ నుంచి పదేపదే విజ్ఞప్తులు వెళ్లినా, ఆయన కేబినెట్ అడిగినంత ధాన్యం పంపలేదు. మన దేశంలో ఆయన దినచర్య గురించి రాసేటప్పుడు ఈ మాట పక్కన పెట్టడం కుదరదు.

శరీరం కూడా లెక్క అడిగింది. 1941 డిసెంబర్‌లో వైట్‌హౌస్‌లో ఉండగా గుండెలో నొప్పి వచ్చింది. డాక్టర్ ఆ సంగతి బయటకు పొక్కనివ్వలేదు. 1943 చివర్లో ట్యునీషియాలో న్యుమోనియాతో మంచాన పడ్డారు. రెండోసారి ప్రధానిగా ఉన్నప్పుడు, 1953లో పక్షవాతం వస్తే అదీ జనానికి చెప్పలేదు. 1965 జనవరి 24న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

లండన్‌లో భూమి లోపల ఉన్న ఆయన వార్ రూమ్స్ ఇప్పుడు మ్యూజియం. అక్కడి బెడ్‌రూమ్‌లో రాత్రిళ్లు ఆయన పడుకున్నది చాలా తక్కువ. మధ్యాహ్నం కునుకుకే ఎక్కువగా వాడారు. ఆ మంచం ఇప్పటికీ ఉంది. టైపిస్టులు, గుమస్తాలు పడుకున్నది దాని కింది అంతస్తులో. నిటారుగా నిలబడితే తల పైకప్పుకు తగిలేది, ఎలుకలు కూడా తిరిగేవి.