డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు

తెనాలికి చేరువనున్న యలవర్రు గ్రామమున, 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, ఒక రైతు కుటుంబమున నాయుడమ్మగారు జన్మించిరి. గుంటూరులో ఇంటర్మీడియట్ ముగించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనశాస్త్రము చదివి, పిదప మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్యలో ప్రవేశించిరి. ఈ చివరి అడుగు నేడు సామాన్యముగా తోచవచ్చును గాని, ఆ దినములలో సామాన్యము కాదు. లందలున్న వైపునకు ఊరి పెద్దలు పోవని కాలమది. చెప్పులు కుట్టిన చేతిని దూరముంచి, ఆ చేయి కుట్టిన చెప్పులను మాత్రము తొడుగుకొనుచుండిరి. పొలము గల ఇంటి బిడ్డ చదివి చదివి తోళ్లపనిని కోరుకొనుట ఆ కాలమున అరుదైన సంగతియే.

అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది వారు స్వదేశమునకు మరలి వచ్చిరి. మద్రాసు అడయారులో కేంద్ర తోళ్ల పరిశోధనాలయము 1948లో ఏర్పడియుండెను. అందు పనిచేసి, 1958లో దానికి సంచాలకులైరి. అప్పటికి వారి వయస్సు 36 ఏండ్లు మాత్రమే.

వారి కృషి తెలియవలెనన్న తోళ్లపని కొంత తెలియవలెను. పచ్చితోలు కొలది దినములలో క్రుళ్లిపోవును. చెట్ల చెక్కలలోను, కాయలలోను ఉండు టానిన్ అను వగరు పదార్థము తోలులోని కొలాజెన్ అను మాంసకృత్తును గట్టిగా పట్టుకొనగా, ఆ తోలు ఇక క్రుళ్లదు. మన దక్షిణాదిని ఇందుకు తంగేడు చెక్క వాడుకలో నుండెను. బతుకమ్మలో పేర్చెడి తంగేడే ఇది. పదునైన తోలుకు కరక్కాయ రసముతో మెరుగు పెట్టెడివారు. ఉత్తరాదిని తుమ్మచెక్క వాడుక. ఇట్లు సగము పదునుచేసిన తోళ్లు మద్రాసు రేవునుండి సీమకు పోయి, అచట బూట్లై, సంచులై, పెక్కు రెట్ల వెలకు అమ్ముడుపోయెడివి. లాభమంతయు చివరి పనిలో నుండగా, ఆ పని మన చేతిలో లేకపోయెను. పైగా తంగేడు చాలక ఆఫ్రికానుండి వాటిల్ చెక్కను, దాని సారమును తెప్పించుకొనవలసి వచ్చెను. ఇంటి పెరటిలోనివంటి చెట్లనుండియే పరిశ్రమకు కావలసిన రసాయనములను శాస్త్రీయముగా తీయుట, తోలును కడవరకు ఇచ్చటనే తయారుచేయుట, ఈ రెండును అడయారు పరిశోధనాలయమునకు ముఖ్య లక్ష్యములయ్యెను. ముడి తోళ్ల ఎగుమతిని ప్రభుత్వము 1973లో నిషేధించునాటికి దేశమున అందుకు తగిన శాస్త్రజ్ఞులును, పనివారును సిద్ధముగా నుండుటకు ఈ కృషియే చాలవరకు కారణము.

వెండ్రుకలు ఊడదీయు పని మరియొకటి. దీనికి సున్నము, సోడియము సల్ఫైడు వాడుదురు. అవి పనివాని చేతులను తినివేయును. ఆ నీరు పారిన చోట బావులు చెడును. జిల్లేడు పాలలో మాంసకృత్తులను విరిచెడి ఎంజైములున్నవి. వాటితో వెండ్రుకను కుదుళ్లనుండి వదలింపవచ్చునా యని అడయారులో పరీక్షించిరి. తవుడు మీద బూజును పెంచి, దానినుండియు ఎంజైములు తీసిరి. ఎంజైము పని నెమ్మదియైనది, సున్నితమైనది; కాలము మించినచో వెండ్రుకతోపాటు తోలు పైపొరను కూడ తినివేయును. కనుక పాళ్లు, వేడిమి, గడియలు అన్నియు కుదుర్చుటకే ఏండ్లు పట్టెను. పుస్తకములలో ఒక్క వాక్యముగా కనబడునది లందవద్ద ఎంత ఓపిక కోరునో చేసినవారికే తెలియును.

1971లో నాయుడమ్మగారు ఢిల్లీకి పోయి, 1977వరకు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి ప్రధాన సంచాలకులుగా నుండిరి. పద్మశ్రీ బిరుదము వచ్చినదియు 1971లోనే. ఆ పదవిలో వారు చేపట్టినవానిలో కరీంనగరు ప్రయోగము పేర్కొనదగినది. ఆ జిల్లాలో దొరకు వస్తువులేమి, అచటి ప్రజలకు లోటేమి యని ముందు విచారించి, పిమ్మట ప్రయోగశాలల విద్యను అచటికి తీసికొనిపోవుట దాని పద్ధతి. ప్రయోగశాల తన కిష్టమైనది కనిపెట్టి పల్లెను పుచ్చుకొమ్మనుటకు ఇది సరిగా తలక్రిందులు.

ఆ మండలి క్రింది సంస్థలలో హైదరాబాదు తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయ మొకటి. 1989లో అది భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకొనెను. తెలంగాణపు మెట్టపొలముల ఆముదము దానికి ఇష్టమైన పరిశోధనావస్తువు. నికెల్ ఉత్ప్రేరకము సమక్షమున ఆముదమునకు హైడ్రోజను చేర్చినచో గట్టి మైనమువంటి పదార్థము వచ్చును. యంత్రముల గ్రీజులో అది ఉపయోగపడును. మాదాపూరు రాతిగుట్టల నడుమ 1998లో సైబర్ టవర్స్ వెలసి, హైటెక్ సిటీ పేరు నలుదెసల ప్రాకినది. అంతకు ఎన్నో యేండ్లు ముందే ఆ నగరము శాస్త్రనగరమైనది ఇట్టి ప్రయోగశాలల వలననే. ఈ సంగతిని క్రొత్తతరమువారు తరచు మరచుచున్నారు.

1981, 82 సంవత్సరములలో వారు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. 1985 జూన్ 23వ తేదీన కెనడానుండి తిరిగి వచ్చుచుండగా, వారెక్కిన ఎయిర్ ఇండియా కనిష్క విమానము ఐర్లండు తీరమునకు దాపున, అట్లాంటిక్ సముద్రముపై బాంబు ప్రేలి కూలిపోయెను. అందున్న 329 మందిలో ఒక్కరును బ్రతుకలేదు. వారికప్పటికి 62 ఏండ్లు. వారి పేర ఒక స్మారక పురస్కారము తెనాలిలో నెలకొల్పబడినది.