మెచ్నికాఫ్ మహాశయుని చరిత్రము

కాలిలో ముల్లు గ్రుచ్చుకొనినచోట వాచి, యెఱ్ఱబాఱి, చీము పట్టుట మన మెల్లర మెఱిగినదే. ఆ వాపును, చీమును జూచి లోకము చిరకాల మదియే రోగమని తలచెను. అది రోగముతో దేహము సేయు యుద్ధమని చూపిన మహాశయుడు ఇలియా మెచ్నికాఫ్. ఈతని చరిత్రము మన బాలురకును, పెద్దలకును దెలియదగినదని యెంచి వ్రాయుచున్నాను.

ఈతడు 1845వ సంవత్సరము మే నెలలో, ఇప్పటి యుక్రెయిన్ దేశమందలి ఖార్కోవు నగర ప్రాంతమున నొక పల్లెలో జన్మించెను. నాడది రుష్యా చక్రవర్తుల యేలుబడిలోనిది. బాల్యముననే జీవశాస్త్రమునం దభిరుచి గలిగి, నాలుగేండ్ల విశ్వవిద్యాలయపు చదువును రెండేండ్లలో ముగించెను. పిదప జర్మనీ, ఇటలీ దేశములకు బోయి సముద్రజంతువులను బరిశోధించి, యిరువదియైదేండ్ల ప్రాయమున నొడెస్సా నగరమున నాచార్యుడయ్యెను.

విద్య యెంత సుకరమయ్యెనో సంసార మంత దుర్భరమయ్యెను. 1869లో ల్యూడ్మిలా యను కన్యను వివాహమాడెను. పెండ్లినాటికే యామెను క్షయరోగము పట్టియుండెను. నడువజాలని వధువును గుర్చీలో గూర్చుండబెట్టి చర్చికి మోసికొని పోవలసివచ్చెను. ఎన్ని చికిత్సలు చేసినను ఫలింపక, 1873లో మదీరా ద్వీపమున నామె గతించెను. మెచ్నికాఫు ప్రాణత్యాగమునకు యత్నించి, దైవికముగ బ్రతికెను. 1875లో ఓల్గా యను నామెను బెండ్లియాడగా, కొన్నాళ్లకు టైఫాయిడు జ్వర మామెను మృత్యుముఖమునకు గొనిపోయి విడిచెను. 1881లో నీతడు మనోవ్యథచే గృశించి, తిరుగబెట్టు జ్వరము గలవాని రక్తమును దన దేహమున నెక్కించుకొనెను. తాను చచ్చినను, ఆ జ్వరము రక్తము మూలమున నంటునో లేదో తేలునని యాతని తలంపు. జ్వరము తీవ్రముగ వచ్చెను, చావు రాలేదు. చావబోవుచును బరిశోధన మానని యీ పండితుని దలచినపుడెల్ల నాకు విచారమును, నవ్వును గూడ గలుగుచుండును.

ఇంతలో విశ్వవిద్యాలయమున రాజకీయకలహములు ముదిరెను. 1882లో నీతడు పదవిని వదలి, భార్యతోను, ఆమె తోబుట్టువులతోను సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణము చేరెను. ఆ డిసెంబరు నెలలో నొకనాడు ఇంటివారందఱును సర్కసు చూడబోయిరి. ఈతడొంటిగ గూర్చుండి సూక్ష్మదర్శినిలో సముద్రనక్షత్రమను జంతువుయొక్క పిల్లలను జూచుచుండెను. అవి గాజువలె స్వచ్ఛమైనవి. లోపల సంచరించు కణములు స్పష్టముగ గానవచ్చును. ఆ కణము లాహారమును మ్రింగుట యాతడు పూర్వమే యెఱుగును. ఆహారమును మ్రింగునవి శత్రువు నేల మ్రింగవను తలంపు మెఱుపువలె దోచెను. గదిలో నిలువలేక పచార్లు చేసి, సముద్రతీరమున కేగివచ్చి, తోటలోని గులాబి ముండ్లను దెచ్చి యా పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేకువనే చూడగా ముల్లు చుట్టును గణములు మూగియుండెను. ఆ ప్రాణికి రక్తనాళములే లేవు. కావున వాపునకు మూలము కణముల పోరాటమేయని నిశ్చయించెను.

వియన్నా నగర పండితు లా కణములకు ఫాగోసైటు లని గ్రీకు పేరు సూచించిరి, భక్షకకణములని యర్థము. తినుట యను నర్థము గల యా గ్రీకు ధాతువు మన భజ ధాతువునకు జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1884లో నీతడు డాఫ్నియా యను మిక్కిలి చిన్న నీటిపురుగున నీ యుద్ధమును మొదటినుండి తుదివఱకు జూచెను. లోని కణములు బూజు బీజములను మ్రింగివేసినచో బురుగు బ్రతుకును. బీజములే పెచ్చు పెరిగినచో జచ్చును.

పండితలోకము వెంటనే యొప్పుకొనలేదు. తెల్లకణములలో గానవచ్చు సూక్ష్మజీవులను జూచి, ఆ కణములే రోగమును దేహమంతట మోసికొని పోవుచున్నవని పెక్కండ్ర మతము. ఒడెస్సాలో దొమ్మ టీకాలవలన వేలకొలది గొఱ్ఱెలు చచ్చుటచే నింటను నిందలే మిగిలెను. 1888లో పారిసు నగరమున లూయీ పాస్తరు పండితు డీతనికి దన సంస్థలో స్థానమిచ్చెను. 1890లో జర్మనీయందు బేరింగు, కిటసాటో యను వారు రక్తపు తేటలోనే విషమును హరించు పదార్థము గలదని చూపగా, ప్రతిపక్షుల బలము హెచ్చెను. కణమా, ద్రవమా యని యేండ్ల తరబడి వాదము జరిగెను. 1903లో ఇంగ్లండున రైటు అను వైద్యుడు, రక్తపు తేటలోని యొక పదార్థము సూక్ష్మజీవులకు బూతవలె నంటుకొని, భక్షకకణములు వానిని సులభముగ మ్రింగునట్లు చేయునని కనుగొనెను. గ్రీకు భాషలో వ్యంజన మను నర్థము గల మాటనుండి దానికి ఆప్సోనిన్ అని పేరిడెను. పచ్చడి లేనిదే ముద్ద దిగని మన కీ పేరు బాగుగ నర్థమగును! 1908లో మెచ్నికాఫునకును, ద్రవపక్షమువాడైన ఎర్లిఖునకును నోబెల్ బహుమానమును సమముగ బంచియిచ్చిరి. నేటి రక్తపరీక్షలలో లెక్కించు తెల్లకణములలో నధికభాగ మీ భక్షకములే. ఆరోగ్యవంతునకు ఘనమిల్లీమీటరు రక్తమున 4,000 మొదలు 11,000 వఱకు దెల్లకణము లుండును.

తుదినాళ్లలో నీతని దృష్టి పెరుగుపై బడెను. పెద్దప్రేవులోని చెడు సూక్ష్మజీవులు విషమును బుట్టించి ముదిమిని దెచ్చుననియు, పాలను బులియజేయు మంచి సూక్ష్మజీవులు వానిని అణచుననియు దలచి, బల్గేరియా రైతులు దినెడు పెరుగును మెచ్చుకొనెను. తానును నిత్యము పులిసిన పాలను సేవించెను. ఐరోపాలో పెరుగునకు గిరాకి పెరిగెను. చల్ల కుండ లేని యిల్లెఱుగని మనకు జిత్రముగ నుండవచ్చును గాని, తోడు పెట్టినపుడు పాలలో నేమి జరుగునో యాలోచించినవార మెందఱము?

ఇందు గొంత పొరపాటును గలదు. పెద్దప్రేవు వట్టి బరువని యాతడు తలచెను; అది నిజము గాదు. అచటి సూక్ష్మజీవులు పీచును విడగొట్టి ప్రేవుల కణములకు బోషణ మిచ్చును, కె విటమిను దయారుచేయును, చెడువానికి జోటు దక్కనీయవు. మందులచే నవి నశించినపుడు దుష్టజీవులు పెరిగి విరేచనములు పట్టుట వైద్యు లెఱిగినదే. బల్గేరియా పెరుగులోని జీవి ప్రేవులలో స్థిరముగ నిలువదనియు దరువాత దేలెను. అయినను, సూక్ష్మజీవులలో మిత్రులును గలరని లోకమునకు జెప్పినవారిలో నీతడు ముఖ్యుడు.

హృద్రోగముచే మంచముపట్టి, తన శవమును బరీక్షించునపుడు ప్రేవులను శ్రద్ధతో జూడుమని మిత్రుడైన వైద్యుని గోరెను. 1916 జూలై 15వ తేదిని, ఐరోపా మహాయుద్ధము సాగుచుండగా, డెబ్బదియొకటవ యేట పారిసున గతించెను. ఆతని చితాభస్మమును పాస్తరు సంస్థ గ్రంథాలయమున, పుస్తకముల నడుమ నొక పాత్రలో నుంచిరి.