యంత్రాల దుబాసీ – అలన్ ట్యూరింగ్

నేడు కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి ఒకే తెరపై రెండు సంప్రదాయాలను చూడగలడు. ఒకవైపు విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాము నడుస్తుంటుంది. దాని ప్రక్కనే యూనిక్స్ లోకానికి చెందిన గ్రెప్, సెడ్, ఆక్ వంటి సాధనాలు పని చేస్తుంటాయి. ఒక వ్యవస్థలో పుట్టిన పనిముట్టు మరొక వ్యవస్థ ఇంట ఎట్లా మనగలుగుతున్నది? ఈ ప్రశ్నకు మూలసూత్రాన్ని 1936లో, ఇరవైనాలుగేండ్లయినా నిండని ఒక యువకుడు కనుగొన్నాడు. ఆ మహామేధావియే అలన్ ట్యూరింగ్.

ఆయన కుటుంబకథలో మన తెలుగునేలకు చోటున్నది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా 1896లో మద్రాసు రాజధానికి వచ్చారు. బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణం జిల్లాలలో పని చేస్తూ తెలుగు నేర్చుకున్నారు. తల్లి ఎథెల్ మద్రాసు రైల్వే ప్రధాన ఇంజనీరు కుమార్తె. వివాహానంతరం ఆ దంపతులు పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం మొదలైన ఊళ్లు తిరిగి, 1911లో గంజాం జిల్లాలోని ఛత్రపురం చేరారు. అలన్ మాత్రం 1912 జూన్ 23న లండనులో జన్మించారు. తల్లిదండ్రులు తిరిగి భారతదేశానికి రాగా, అన్నదమ్ములిద్దరూ ఇంగ్లండులో పరుల ఇంట పెరిగారు.

షెర్బోర్న్ పాఠశాలలో క్రిస్టఫర్ మోర్కమ్ అనే సహాధ్యాయి ఆయనకు ప్రాణమిత్రుడైనాడు. 1930లో ఆ మిత్రుడు అకాలమరణం చెందినాడు. ఆ దుఃఖాన్ని దిగమ్రింగి ట్యూరింగ్ 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో గణితాధ్యయనం ప్రారంభించారు. 1935లో అక్కడే ఫెలోగా ఎన్నికైనారు.

మరుసటి సంవత్సరం ఆయన ఒక మహత్తర వ్యాసాన్ని సమర్పించారు. అంతవరకు ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రం కావలెనని లోకం తలచేది. ఒక యంత్రం నడిచే తీరును వివరంగా వ్రాసి అందిస్తే, ఆ వివరణను చదివి ఆ యంత్రం చేసే పనినే చేయగల సార్వత్రిక యంత్రం ఒకటి సాధ్యమని ట్యూరింగ్ నిరూపించారు. కంపెనీవారి కాలంలో దొరలకూ ప్రజలకూ నడుమ దుబాసీలుండేవారు. దుబాసీ పరభాషను గ్రహించి పని జరిపిస్తాడు. తన భాషను మాత్రం వదులుకోడు. ట్యూరింగ్ యంత్రం అటువంటి దుబాసీయే.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో ఆయన జర్మనీవారి ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించడంలో ప్రధానపాత్ర వహించారు. యుద్ధానంతరం ఏస్ అనే కంప్యూటరుకు రూపకల్పన చేశారు. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

ఆయన గతించిన పదిహేనేండ్లకు, 1969లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ పుట్టింది. 1995లో ఆరంభమైన సిగ్విన్, విండోస్‌పై యూనిక్స్ సేవలందించే ఒక పొరను నిలిపింది. ఆ పొరకు అనుగుణంగా మరల కంపైలు చేసిన యూనిక్స్ సాధనాలు విండోస్ ప్రోగ్రాముల సరసన నడిచాయి. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థయే, లినక్స్ ప్రోగ్రాము కోరే సేవలను విండోస్ సేవలుగా తర్జుమా చేసే ఏర్పాటును తెచ్చింది. 2020లో వచ్చిన దాని రెండవ రూపంలో, విండోస్ లోపల ఒక కల్పితయంత్రం వెలసి, అసలైన లినక్స్ కెర్నెల్ అందులో నడువసాగింది. ఈ నిర్మాతలందరూ ట్యూరింగ్ వ్యాసాన్ని ఎదుట పెట్టుకొని పని చేశారని నా భావం కాదు. కాని ఒక యంత్రం తన స్వరూపాన్ని కోల్పోకుండా మరొక యంత్రానికి ఆశ్రయమీయగలదన్న నిశ్చయానికి పునాది ఆ వ్యాసంలోనే పడింది.

యంత్రాల సహజీవనానికి దారి చూపిన ఆయనకు మానవసమాజం తన నడుమ చోటీయలేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా ఎంచిన ఆనాటి ఆంగ్లేయచట్టం క్రింద 1952లో ఆయనకు శిక్ష విధించారు. కారాగారానికి బదులు హార్మోను చికిత్సకు లోబడవలసివచ్చింది. ప్రభుత్వ రహస్యలిపి కార్యాలయాల తలుపులు మూతపడ్డాయి. 1954 జూన్ 7న, 41 ఏండ్ల వయసులో, సయనైడు విషంతో ఆయన మరణించారు. ఆత్మహత్యయని విచారణలో తేల్చారు. బ్రిటిషు ప్రభుత్వం 2009లో క్షమాపణ చెప్పింది. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. 2021లో 50 పౌండ్ల నోటుపై ఆయన చిత్రం వెలువడింది. ఇవేవీ ఆయన కన్నులారా చూచినవి కావు.

విద్యార్థులారా! మన అశ్వారావుపేట అడవిసీమలో ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు, సంతలో కోయ మాట వినిపిస్తాయి. ఒకటి నేర్చినందువల్ల మరొకటి నశించదని మీకు ఎవరూ బోధించనక్కరలేదు. యంత్రం సయితం సాధించిన ఈ ఔదార్యాన్ని, తనకంటె భిన్నుడైన మనిషి ఎదురైనపుడు మనిషి మరువరాదు. ట్యూరింగ్ జీవితం మనకు మిగిల్చిన పాఠం ఇదే.